పచ్చడి సీసాకు రెండు రూల్సా?

సంపాదకులకు,

మా అబ్బాయి ఉద్యోగం పుణెలో. ఏడాదికి రెండుసార్లు వెళ్తుంటాం. ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు అరకిలో ఆవకాయ సీసాను చేతి బ్యాగులోనే పెట్టుకున్నాం. ఎక్స్‌రేలో చూశారు, ఏమీ అనలేదు. గత నెల అదే విమానాశ్రయం, అదే బ్యాగు, అదే సైజు సీసా. ఈసారి ‘నూనె ఉంది, కుదరదు’ అన్నారు. పెద్ద సూట్‌కేసు అప్పటికే బెల్టు మీద వెళ్లిపోయింది. వెనక్కి వెళ్లి అందులో పెట్టే వీలు లేదు. పక్క లైన్లో ఒకాయన నెయ్యి డబ్బాతో దర్జాగా దాటిపోయాడు! మా ఆవిడ విమానం దిగేదాకా నాతో మాట్లాడలేదు, సీసా సర్దింది నేనే కదా.

తనిఖీ వద్దనడం లేదు. ల్యాప్‌టాప్ ఒకచోట బయటికి తీయమంటారు, ఇంకోచోట తీస్తే ‘ఎందుకు తీశారు’ అంటారు. నిబంధనలు పెట్టేది పౌర విమానయాన భద్రతా బ్యూరో ఒక్కటే కదా, మరి లైను లైనుకీ ఈ తేడా ఎందుకు? 2024లో శబరిమల భక్తుల ఇరుముడి కొబ్బరికాయను క్యాబిన్‌లోకి అనుమతిస్తూ స్పష్టంగా ఉత్తర్వు ఇచ్చారు. పచ్చళ్లు, నెయ్యి, పొడుల సంగతీ అలాగే తేల్చవచ్చు.

చెక్-ఇన్ కౌంటర్లో పవర్‌బ్యాంక్ ఉందా అని తప్పకుండా అడుగుతారు. పచ్చడి ఉందా అని కూడా అక్కడే అడిగితే సూట్‌కేసులో పెట్టుకుంటాం. కౌంటర్ దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టించండి.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తెనాలి