గెడ్డ నీళ్ల కేసు: ఈ ఏడాది మన సంఘం పనుల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మొక్కలు నాటడం, వైద్య శిబిరం, బడిపిల్లలకు నోటు పుస్తకాలు ఎప్పట్లాగే జరిగాయి. మిగతా ఏడాదంతా కేసుతోనే సరిపోయింది.

మన ఊళ్లకు ఎగువనుంచి గెడ్డ (వాగు)లోకి వ్యర్థాల నీళ్లు వదులుతున్న రసాయనాల ఫ్యాక్టరీని మూసేయాలని కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ఉత్తర్వుపై యాజమాన్యం అప్పీలుకు వెళ్లింది. 1974 నాటి నీటి కాలుష్య చట్టం 33ఏ సెక్షన్ కింద మండలి ఫ్యాక్టరీని మూయించడమే కాదు, కరెంటు, నీళ్లు కూడా ఆపించగలదు. ఆ ఉత్తర్వుపై అప్పీలు వినేది పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్. మన కేసు చెన్నై బెంచిలో ఉంది. మన మాట కూడా వినాలని కోరుతూ అందులో చేరాం.

యాజమాన్యం ముఖ్యంగా తప్పుపడుతున్నది పరీక్షకు నీటి శాంపిల్ పట్టిన తీరును. ఈ సంగతి అందరూ తెలుసుకోవాలి. చట్టం 21వ సెక్షన్ ప్రకారం అధికారులు నోటీసిచ్చి, ఫ్యాక్టరీ మనిషి ఎదురుగా నీళ్లు పట్టి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు చేయాలి. అది తప్పితే ల్యాబ్ రిపోర్టు సాక్ష్యంగా చెల్లదు. మన కుర్రాళ్లు తెల్లారగట్ల గెడ్డలో దిగి కూల్‌డ్రింకు సీసాల్లో పట్టిన నల్లనీళ్లు ఫిర్యాదుకు పనికొస్తాయి గానీ, కేసును నిలబెట్టవు. అందుకే నీటి రంగు మారిన వెంటనే, రాత్రయినా సరే, మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఫోన్ చేయండి. నురగ పోయాక వాళ్లొచ్చి లాభం లేదు.

మహాసభలో కొందరు తల్లులు లేచి, "ఫ్యాక్టరీ మూస్తే మా పిల్లల జీతాలెవరిస్తారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఫ్యాక్టరీ శాశ్వతంగా పోవాలని సంఘం అడగడం లేదు. శుద్ధి ప్లాంటు సరిగ్గా నడిచి, వదిలే నీటిలో మురికి ఎంతుందో చెప్పే కొలతలైన బీఓడీ లీటరుకు 30, సీఓడీ 250 మిల్లీగ్రాములు దాటడం లేదని మండలి తేల్చాకే తెరవాలి. మూసినన్నాళ్లూ కార్మికులకు జీతాలివ్వాలి. బోర్లు చెడిన ఇళ్లకు మంచినీళ్లు యాజమాన్యం ఖర్చుతోనే రావాలి. పాడుచేసినవారే భరించాలని ట్రిబ్యునల్ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది.

తీర్పు తొందరగా వస్తుందని ఎవరికీ మాటివ్వలేం. తూత్తుకుడిలోని స్టెరిలైట్ రాగి ఫ్యాక్టరీని తమిళనాడు ప్రభుత్వం 2018 మేలో మూసింది. హరిత ట్రిబ్యునల్ తెరవమంది. ఆ అధికారం దానికి లేదని 2019లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2020లో మద్రాసు హైకోర్టు మూసివేతను సమర్థించింది. దానిపై సుప్రీంకోర్టు తీర్పు 2024 ఫిబ్రవరి 29న గానీ రాలేదు.

కోశాధికారి లెక్కలు విడిగా చదువుతారు. బోరు నీళ్లు చెడిన ఇళ్లవారు పేర్లు, ఎప్పటినుంచి చెడిందో రాసి, ఈ నెలాఖరులోగా కార్యదర్శికి ఇవ్వండి. వకీలుగారు అఫిడవిట్‌తో జతచేస్తారు.