జెట్టులో సూది పెట్టించకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంటి చిట్కాల కింద గ్యాస్ పొయ్యి వెలగకపోతే ఏం చేయాలో రాశారు. బర్నర్ పక్కకు తీసి, కింద కనిపించే జెట్టు (గ్యాస్ బయటికి చిమ్మే చిన్న ఇత్తడి ముక్క) రంధ్రంలో కుట్టు సూది పెట్టి తిప్పమన్నారు. బండలో గ్యాస్ అడుగంటితే పడుకోబెట్టి వాడుకోమన్నారు. నేను తెనాలిలో చాలా ఏళ్లుగా స్టవ్‌లు రిపేరు చేస్తున్నాను. సోమవారం నుంచే సూది పెట్టిన పొయ్యిలు నా షాపుకి రావడం మొదలైంది. నాకు బేరమే, కాదనను. కానీ ఆ పని చేస్తే తర్వాత ఏమవుతుందో పాఠకులకు తెలియాలి.

ఈ సూది పెట్టే అలవాటు కిరసనాయిలు పంపు స్టవ్వుల నాటిది. రేకు ముక్కకు సన్నటి తీగ అతికించిన పిన్నులు అప్పట్లో కిరాణా కొట్లో దొరికేవి. నిప్పిల్‌లో మసి పట్టి మంట తగ్గితే దాంతో పొడిచేవాళ్లు. ఆ పిన్ను ఆ రంధ్రం కోసమే చేసింది. కుట్టు సూది అలా కాదు, మొన దాటి పైకి పోయేకొద్దీ లావెక్కుతుంది. గ్యాస్ జెట్టేమో మెత్తటి ఇత్తడి, దాని రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. అది కాస్త పెద్దదైనా గ్యాస్ ఎక్కువ వచ్చేస్తుంది, దానికి తగ్గ గాలి అందదు. నీలం మంట పోయి పసుపు మంట వస్తుంది, గిన్నెల అడుగు నల్లబడుతుంది. కిటికీ లేని చిన్న వంటింట్లో అయితే కార్బన్ మోనాక్సైడ్ భయం కూడా ఉంది, దానికి వాసన ఉండదు. పైగా పెద్దదైన రంధ్రాన్ని మళ్లీ చిన్నది చేయలేం. జెట్టు పూడిపోతే విప్పి గాలితో ఊదిస్తాం, అప్పటికీ రాకపోతే మార్చేస్తాం. దాని ఖరీదు ఏపాటి?

బండ పడుకోబెట్టడం ఇంకా ప్రమాదం. లోపల ఉన్నది ద్రవం, దాని పైన చేరిన ఆవిరి ఒక్కటే రెగ్యులేటర్ గుండా రావాలి. పడుకోబెడితే ద్రవమే ట్యూబులోకి దిగే ప్రమాదం ఉంది. అది ఆవిరైతే సుమారు 250 రెట్లు పెరుగుతుంది. మంట ఎంత ఎత్తుకు లేస్తుందో ఊహించుకోండి. చలికాలం పొద్దున్నే అడుగంటిన బండ సరిగా మండకపోవడం మామూలే. లోపల ఉన్నదాంట్లో బ్యూటేన్ అనే గ్యాస్ కూడా ఉంటుంది, చలికి అది తొందరగా ఆవిరి కాదు. బండ మార్చుకోవడమే దానికి మందు.

అసలు మొదట చూడాల్సింది వేరే ఉంది. ఎవరైనా ఫోన్ చేస్తే నేను అడిగేది ఒకటే: “రెండు పొయ్యిలూ వెలగడం లేదా అమ్మా, ఒక్కటేనా?” రెండూ అయితే స్టవ్ జోలికే పోనక్కర్లేదు, బండ వైపు చూడాలి. కొత్త బండ పెట్టినప్పుడు చాలాసార్లు రెగ్యులేటర్ సరిగా కూర్చోదు, తీసి మళ్లీ పెడితే సరిపోతుంది. ట్యూబులో గాలి ఉంటే గ్యాస్ రావడానికి కొన్ని క్షణాలు పడుతుంది. వెనక గోడకు నొక్కుకుని ట్యూబు మడత పడిందేమో కూడా చూడాలి. నారింజ రంగు సురక్షా ట్యూబైనా అయిదేళ్లకు మార్చాల్సిందే. రెగ్యులేటర్ పెట్టగానే బుస్సుమని చప్పుడు వస్తే బండ నోట్లో ఉండే రబ్బరు రింగు ఊడిపోయి ఉంటుంది, లేదా తెగి ఉంటుంది. అప్పుడు రెగ్యులేటర్ తీసేసి, మూత పెట్టి, ఏజెన్సీకి చెప్పాలి. లోపలి పిన్నును స్క్రూడ్రైవర్‌తో పొడవకూడదు. బండ తెచ్చిన అబ్బాయి వెళ్లిపోకముందే తూకం, లీకేజీ చూపించమని అడగండి. అది వాళ్ల పనే, మొహమాటం వద్దు.

ఒక్క పొయ్యే వెలగడం లేదంటే తొంభై పాళ్లు పొంగిన పాలే కారణం. గృహప్రవేశాల సీజన్లో నాకు వచ్చే పిలుపుల్లో ఎక్కువ ఇవే. కొత్త స్టవ్, కొత్త గిన్నె, తూర్పు ముఖంగా పాలు పొంగించి అందరూ చప్పట్లు కొడతారు. మర్నాడు కాఫీకి ఆ పొయ్యి వెలగదు. పాలు బర్నర్ రంధ్రాల గుండా దిగి జెట్టు మీద గట్టిపడి ఉంటాయి. శుభమా అని పొంగించుకున్నదాన్ని ఆపమని నేనెందుకంటాను? అయిపోయాక మంట ఆర్పి, పొయ్యి చల్లారనిచ్చి, బర్నర్ తీసి కడిగేస్తే చాలు. ఇత్తడి బర్నర్‌ని చింతపండు పెట్టి తోమండి, వేడి నీళ్లలో నానబెట్టండి. పై రంధ్రాలను పిన్నుతో శుభ్రం చేసుకోవచ్చు, అక్కడ తప్పు లేదు. పూర్తిగా ఎండాకే బిగించాలి. తడి ఉన్నా, గిన్నెలు తోమే పొడి ఇరుక్కున్నా మళ్లీ అదే కథ. బర్నర్ మూత వంకరగా పెడితే మంట లోపలికి పోయి బుర్రుమని మోగుతుంది.

లైటర్‌తో వెలిగి ఆటోమేటిక్ నాబ్‌తో వెలగకపోతే గ్యాస్‌లో తేడా లేనట్టే. కడిగినప్పుడు నిప్పురవ్వ వచ్చే తెల్ల పింగాణీ ముక్క దగ్గర నీళ్లు చేరి ఉంటాయి, తుడిచి ఆరబెట్టండి. సెల్లు వేసే రకమైతే సెల్లు మార్చండి. గట్టులోకి బిగించే గాజు పలక పొయ్యిలు, అంటే కొత్త రకం హాబ్‌లు, కొన్నింటిలో మంట పక్కన సెన్సర్ ఉంటుంది. అది వేడెక్కేదాకా నాబ్ నొక్కి పట్టుకోవాలి. చేయి తీయగానే ఆరిపోతోందని కంపెనీని తిట్టేవాళ్లలో సగం మంది ఆ కాసేపూ ఆగనివాళ్లే.

మీ చిట్కాల్లో అస్సలు లేని మాట ఒకటుంది. వెలగలేదని నాబ్ తిప్పి ఉంచి లైటర్ కొడుతూ పోకూడదు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, పైకి పోదు, గట్టు దిగి నేల మీద పరుచుకుంటుంది. నాబ్ కట్టేసి, కిటికీలు తీసి, వాసన పోయాకే మళ్లీ ప్రయత్నించాలి. వాసన గట్టిగా ఉంటే రెగ్యులేటర్ కూడా కట్టేయాలి. లైటు స్విచ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ వేయకూడదు, ఆర్పనూ కూడదు. లీకేజీ చూడటానికి సబ్బు నురగ రాయాలి, అగ్గిపుల్ల కాదు.

వచ్చే ఆదివారం సవరణ వేయండి. లోపల ఎక్కడో మూలన కాకుండా అదే పేజీలో, అవే అక్షరాల సైజులో. నా పేరు, షాపు నంబరు అక్కర్లేదు. గ్యాస్ లీకైతే రాత్రీ పగలూ పలికే 1906 మాత్రం పెద్దగా వేయండి.

ఇట్లు,
ఒక స్టవ్ మెకానిక్, తెనాలి