పిల్లలకు చెవి మిషన్ కొనేముందు చెవి కొలవమని అడగండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పత్రికల్లో వినికిడి యంత్రాల ప్రకటనలు తరచూ చూస్తున్నాను. చాలా వాటిలో ఒకటే మాట, పెట్టుకున్నట్టు ఎవరికీ కనిపించదు అని. పెద్దవాళ్ల సంగతి వాళ్లిష్టం. కానీ ఆ మాట పక్కనే చిన్నపిల్లల బొమ్మ వేస్తే మాత్రం నాకు ఊరుకోబుద్ధి కావడం లేదు, ఎందుకంటే అయిదేళ్ల కిందట మా పాపకు మిషన్ కొనడానికి వెళ్లినప్పుడు నేనూ మావారూ అడిగిన మొదటి ప్రశ్న అదే, కనపడనిది ఏదైనా ఉందా అని. రెండోది ఎన్ని ఛానెళ్లు అని, అంటే శబ్దాన్ని మిషన్ ఎన్ని ముక్కలుగా విడదీసి సర్దుతుందని. పాపకు ఏ శబ్దాలు వినపడుతున్నాయి, ఏవి వినపడటం లేదు, మిషన్ పెట్టాక అవి వినపడుతున్నాయని ఎలా తెలుసుకుంటారు, ఇవేవీ అడగలేదు. అడగాలని తెలియదు, చెప్పినవాళ్లూ లేరు. దానివల్ల మా పాపకు ఏడాదికి పైగా కాలం పోయింది. ఇంకో పిల్లకు అలా పోకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాపకు రెండున్నరేళ్లు వచ్చేవరకూ మాకు అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చింది, వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు సర్దిచెప్పారు. తలుపు ధడేలుమంటే తిరిగి చూసేది కదా, ఇంక చెవుడెక్కడిది అన్నారు. పిలిస్తే ఒక్కోసారి పలికేది, ఒక్కోసారి పలికేది కాదు, ఆటలో పడి వినిపించుకోవడం లేదు అనుకున్నాం. మాటలు రాకపోతే కొందరికి ఆలస్యమే అన్నారు. చివరికి నిద్రపుచ్చి బేరా టెస్ట్ (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే పరీక్ష) చేయించి, ఆ తర్వాత బొమ్మలతో ఆడిస్తూ చేసే వినికిడి పరీక్షలు కూడా చేశాక అసలు సంగతి బయటపడింది. 500 హెర్ట్జ్ దగ్గర, అంటే బొంగురుగా, లావుగా ఉండే శబ్దాల దగ్గర, లోపం 35 డెసిబెల్స్. 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి శబ్దాల దగ్గర, 75. తలుపు చప్పుడు మొదటి రకం. స, శ, ష లాంటి అక్షరాలు రెండో రకం. అంటే ఎవరో మాట్లాడుతున్నారని మా పాపకు తెలుసు, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. ‘సీత’ అంటే ‘ఈత’ అని, ‘సన్నం’ అంటే ‘అన్నం’ అని వినపడే పిల్లకు మాటలు ఎలా వస్తాయి చెప్పండి.

పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, 3 నెలలలోపు నిర్ధారణ, 6 నెలలలోపు మిషనో, మరో సాయమో మొదలవ్వాలని ఈ రంగంలో వాళ్లు చాలాకాలంగా చెబుతున్న లెక్క. మాకు ఆ లెక్క అప్పటికే తప్పిపోయింది కాబట్టి ఆ కంగారులో, వెంటనే ఏదో ఒకటి కొనేయాలన్న టెన్షన్‌లో వెళ్లాం. ఇది చదివే తల్లిదండ్రులు కూడా అదే కంగారులో ఉంటారని తెలుసు కాబట్టి చెబుతున్నాను. తొందర పడాల్సిందే, కానీ మోడల్ ఎంచుకోవడం కంటే దాన్ని సరిగ్గా అమర్చే మనిషిని వెతకడంలో పడండి ఆ తొందర.

మేం మొదట వెళ్లిన చోట పావుగంటలో పని అయిపోయింది. పాప రిపోర్టులోని అంకెలు కంప్యూటర్‌లో కొట్టారు, మిషన్‌కు వైరు పెట్టారు, ఒక బటన్ నొక్కారు, ‘సెట్ అయిపోయిందమ్మా’ అన్నారు. ఇంటికొచ్చాక చూస్తే కుర్చీ జరిపినా పాప ఉలిక్కిపడుతోంది, చేత్తో లాగి పారేస్తోంది. మళ్లీ వెళితే అలవాటు పడుతుందన్నారు. నెలలు గడిచాయి. లావు శబ్దాలకు బెదిరిపోవడమే తప్ప స అన్న అక్షరం మాత్రం రాలేదు. నేను రోజూ పాపతో పోట్లాడి అది పెట్టడం, తను తీసి విసిరేయడం, నేను ఏడవడం. తప్పు పిల్లదని కూడా అనుకున్నాను, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తర్వాత ఇంకో ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షించి మిషన్ అమర్చే నిపుణురాలు) దగ్గరికి వెళితే ఆవిడ మిషన్ కంపెనీ ఏదని కూడా అడగలేదు. సన్నటి మెత్తని గొట్టం ఒకటి పాప చెవిలోకి కొద్దిగా పెట్టి, మిషన్ పెట్టి, స్పీకర్‌లో మాటలు వినిపించి, పాప చెవిలోపల కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత శబ్దం చేరుతోందో తెరమీద గీతల్లో చూపించారు. ఎక్కువ అక్కర్లేని చోట ఎక్కువ పోతోంది, కావాల్సిన సన్నటి శబ్దాల దగ్గర ఉండాల్సిన గీతకు చాలా కింద ఉంది. అదే మిషన్. కొత్తది కొనలేదు. కూర్చుని మళ్లీ సెట్ చేశారు, పెద్ద శబ్దాలు ఒక హద్దు దాటి పోకుండా కట్టారు, మూడో వారానికి పాప పొద్దున్నే లేచి మిషన్ ఎక్కడ అని చెవి చూపించి అడిగింది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకున్నాక నాకు ఇంకా కోపం వచ్చింది, ఎందుకంటే ఇదేం కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. చిన్నపిల్లల చెవి రంధ్రం చాలా చిన్నది, చిన్న డబ్బాలో పడిన శబ్దం పెద్ద డబ్బాలో కంటే గట్టిగా ఉన్నట్టు, ఒకే మిషన్ పెద్దవాళ్ల చెవిలో ఇచ్చే శబ్దం కంటే పసిపిల్ల చెవిలో ఇచ్చేది ఎక్కువ. ఎంత ఎక్కువ అన్నది పిల్లకూ పిల్లకూ మారుతుంది, పిల్ల ఎదుగుతుంటే కూడా మారుతుంది. అందుకే పెద్దవాళ్ల సగటు చెవిని బట్టి కంప్యూటర్ వేసే లెక్క పిల్లలకు సరిపోదు. కదలకుండా కూర్చోలేని పసివాళ్లకు కూడా దారి ఉంది, చెవిలో ఒక్క చిన్న కొలత తీసుకుని (దాన్ని ఆర్ఈసీడీ అంటారు) మిగతా పరీక్షంతా ఒక పెట్టెలో మిషన్ పెట్టి చేసుకోవచ్చు, పిల్ల అక్కడ ఉండక్కర్లేదు. ఏ పిల్లకు ఎంత శబ్దం ఇవ్వాలో చెప్పే సూత్రాలు కూడా ఉన్నాయి. కెనడాలోని వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేసిన డీఎస్ఎల్, ఆస్ట్రేలియాలోని నేషనల్ అకౌస్టిక్ లాబొరేటరీస్ వాళ్ల ఎన్ఏఎల్. కాబట్టి కొనేచోట అడగండి: పాప చెవిలో కొలుస్తారా, ఏ సూత్రం వాడుతున్నారు, ఆ గీతల కాగితం మాకు ఇస్తారా అని. ఆ మాటకు మొహం చిట్లిస్తే లేచి వచ్చేయండి.

పెద్దవాళ్లకు కొంచెం అటూ ఇటూ అయినా నడుస్తుంది, వాళ్లకు భాష వచ్చు, సగం మాట వినపడితే మిగతా సగం ఊహించుకుంటారు. పిల్లకు ఊహించుకోవడానికి ఆ మాటే ఇంకా తెలియదు. అమెరికాలో 2022 నుంచి డాక్టరు చీటీ లేకుండా నేరుగా కొనుక్కునే మిషన్లను అనుమతించినప్పుడు కూడా 18 ఏళ్లు నిండినవాళ్లకే అన్నారు, పిల్లలకు వద్దన్నారు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది కదా అని శబ్దం పెంచే పరికరాలు తెప్పించి పిల్లల చెవిలో పెట్టేవాళ్లు దయచేసి ఆగండి, అవి అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచేస్తే ఉన్న వినికిడి కూడా దెబ్బతినొచ్చు.

ఇక ఆకారం. పిల్లలకు చెవి వెనక పెట్టేదే మంచిది, కనపడుతుంది, కనపడనివ్వండి. చెవి పెరుగుతూ ఉంటుంది కాబట్టి లోపల పెట్టే బుల్లి మిషన్ అయితే ప్రతిసారీ మొత్తం మార్చాలి, వెనక పెట్టేదానికి చెవి కొలతకు చేసి చెవిలో పెట్టే మెత్తటి అచ్చు ఒక్కటి మారిస్తే చాలు. పసిపిల్లలకైతే ఒక్కోసారి కొన్ని వారాలకే అచ్చు వదులైపోతుంది. వదులైతే కీచుమని కూస్తుంది, మనవాళ్లు మిషన్ పాడైందనుకుని శబ్దం తగ్గించేస్తారు, పిల్లకు వినపడటం తగ్గిపోతుంది. కూస్తే ముందు అచ్చు చూపించండి. చెవిలో గులిమి అడ్డుపడినా కూయొచ్చు, అదీ చూడమనండి.

ఛానెళ్లు, బ్లూటూత్, ఫోన్ యాప్, ఇవన్నీ ఆ తర్వాత. మా డబ్బు ఎక్కువ భాగం వాటికే పోయింది, పాపకు వాటిలో సగం పనికి రాలేదు. నేను ఇప్పుడు చూసేవి వేరు. వినికిడి ఇంకా తగ్గితే శబ్దం పెంచడానికి మిషన్‌లో చోటుందా, చెమటకు, దుమ్ముకు తట్టుకుంటుందా, పిల్ల చేతికి సౌండ్ బటన్ అందకుండా లాక్ చేయొచ్చా, పనిచేస్తున్నట్టు చూపించే చిన్న లైటు ఉందా, బళ్లో టీచర్ మెడలో వేసుకునే రిమోట్ మైక్‌కు కలుస్తుందా. ఈ చివరిది చాలామంది కొనేటప్పుడు అడగరు. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో అంత లెక్కగా కాకపోయినా తగ్గుతుంది, పైగా తరగతిలో పిల్లల గోల. ఎంత మంచి మిషన్ అయినా వెనక బెంచీలో కూర్చున్న పిల్లకు బోర్డు దగ్గరున్న టీచర్ మాట తెచ్చివ్వలేదు. మైక్ తెస్తుంది.

సెల్స్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ గుండీ సెల్స్ పిల్లలు మింగితే ప్రమాదం, ముక్కులో, చెవిలో దూర్చుకున్నా ప్రమాదమే. సెల్ పెట్టే తలుపుకు లాక్ ఉన్న మిషనే అడగండి, తీసిన సెల్ ఎక్కడపడితే అక్కడ పెట్టకండి, మింగిందని అనుమానం వచ్చినా సరే చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో రోజూ చూసుకోవడానికి డబ్బు ఖర్చులేని పద్ధతి ఒకటుంది. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. ఈ ఆరు ధ్వనులు, లింగ్ అనే ఆయన పెట్టిన పరీక్ష, మాటల్లో ఉండే లావు సన్నం అన్నీ దాదాపు వీటిలో వచ్చేస్తాయి. పొద్దున్నే పాప పక్కన, తనకు నా నోరు కనపడకుండా కూర్చుని మామూలు గొంతుతో ఒక్కొక్కటీ అంటాను, మధ్యలో కాసేపు ఊరికే ఉంటాను, విన్నది విన్నట్టు తను అంటుంది. మరీ చిన్నప్పుడు వినపడగానే డబ్బాలో ఒక పూస వేసేది. ఒకరోజు స్ పలకలేదంటే మిషన్ చూస్తాను, అచ్చు గొట్టంలో తడి చేరి ఉంటుంది, లేదా సెల్ అయిపోవచ్చి ఉంటుంది. జలుబు చేసి చెవిలో నీరు చేరినా తేడా తెలిసిపోతుంది.

అందరికీ మా పాప కథే వర్తించదు. మధ్యచెవిలో నీరు చేరడం వల్ల వచ్చిన లోపమైతే ముందు ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. పుట్టుకతో చెవి రంధ్రమే లేని పిల్లలకు ఎముక ద్వారా వినిపించే మిషన్ మెత్తటి పట్టీతో తలకు కట్టేది ఉంది, ఆపరేషన్ వయసు వచ్చేదాకా ఆగక్కర్లేదు. లోపం మరీ తీవ్రంగా ఉండి, సరిగ్గా అమర్చిన మిషన్‌తో కూడా మాట అందకపోతే అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే పరికరం) గురించి ఆలస్యం చేయకుండా మాట్లాడాలి. ‘సరిగ్గా అమర్చిన’ అన్న మాట గమనించండి, తప్పుగా అమర్చిన మిషన్‌తో పిల్లకు వినపడటం లేదని ఆపరేషన్ దాకా వెళ్లకూడదు, అలాగే వస్తుందిలే అని ఏళ్ల తరబడి కూర్చోనూ కూడదు. సైగల భాష నేర్పితే మాటలు రావని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. నేను నమ్మను. చేతులతోనైనా, నోటితోనైనా పిల్లకు భాష అందాలి, ఖాళీగా ఒక్క ఏడాది కూడా పోకూడదు.

ప్రపంచవ్యాప్తంగా వినికిడి లోపానికి సాయం అవసరమైన పిల్లలు 3 కోట్ల 40 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఏటా మార్చి 3న ప్రపంచ వినికిడి దినం నాడు పత్రికల్లో ఒక వ్యాసం వస్తుంది, లోపాన్ని ముందే గుర్తించండి అని. మంచిదే. గుర్తించాక ఏం చేయాలో, కొనేచోట ఏం అడగాలో కూడా అదే పేజీలో వేయమని నా మనవి. అలాగే, పిల్లల బొమ్మతో ‘కనిపించదు’ అనే ప్రకటన ఎవరైనా తెచ్చిస్తే, వేసేముందు ఒక పిల్లల ఆడియాలజిస్ట్‌కు చూపించండి.

వచ్చేవారం పాపకు కొత్త అచ్చులు తీయించాలి, పాతవి మళ్లీ కూస్తున్నాయి. కుడి మిషన్‌కు ఎర్ర చుక్క, ఎడమదానికి నీలం చుక్క ఉంటాయి కదా, అచ్చులు కూడా అవే రంగుల్లో కావాలట, చెవి మారిపోకుండా తనే పెట్టుకుంటానంటోంది.

ఇట్లు,
వినికిడి లోపమున్న ఏడేళ్ల పాప తల్లి