హైడ్రోజన్ గడి గురించి నీకు బాకీ పడిన జవాబు

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు ప్రశ్న అడగగానే పాలు పొంగుతున్నాయని పెట్టేశాను. పాలేమీ పొంగలేదు. సరైన జవాబు తోచలేదు, అంతే. ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఆవర్తన పట్టిక, అదే మూలకాలను గళ్లలో వరుసగా పేర్చిన చార్టు, పాఠం చెబుతూ, హైడ్రోజన్ దగ్గరకు రాగానే "అది మినహాయింపు, రాసుకోండి" అని దాటేస్తున్నాను. వాళ్లూ రాసుకుంటున్నారు. నువ్వు మాత్రం ఊరుకోలేదు: "కింద లిథియం, సోడియం, పొటాషియం అన్నీ లోహాలే కదా, వాటి నెత్తిన ఈ వాయువు ఎందుకు కూర్చుంది? అదీ లోహమేనా?"

అక్కడ కూర్చోబెట్టడానికి ఉన్న పెద్ద ఆధారం ఒక్కటే. చివరి కక్ష్యలో ఒక ఎలక్ట్రాన్ ఉండటం. గుణం చూస్తే పొంతనే లేదు. సోడియం నుంచి ఆ ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికి మోల్‌కు 496 కిలోజౌళ్లు చాలు, లిథియంకు 520. హైడ్రోజన్‌కు 1312 కావాలి. ఆక్సిజన్ విలువ ఎంతో తెలుసా? 1314. లోహాలు ఎలక్ట్రాన్‌ను ఇట్టే వదిలేస్తాయి, ఇదేమో పిసినారి ముడుపులా పట్టుకుంటుంది.

అలాగని ఫ్లోరిన్ మీదకు మార్చేద్దామా? కొన్ని పట్టికల్లో అక్కడా వేస్తారు. ఇంకో ఎలక్ట్రాన్ దొరికితే దాని కక్ష్య నిండుతుంది, ఫ్లోరిన్, క్లోరిన్ ఉన్న హాలోజన్‌ల కుటుంబం లాగానే. లిథియం, హైడ్రోజన్ కలిసిన లిథియం హైడ్రైడ్‌ను కరిగించి విద్యుత్తు పంపితే హైడ్రోజన్ ధన ధ్రువం దగ్గర బుడగలుగా వస్తుంది. మనం ల్యాబులో నీటిని విడగొట్టినప్పుడు రుణ ధ్రువం దగ్గర వచ్చేదే, ఇక్కడ ఎలక్ట్రాన్‌ను చేర్చుకుని రుణావేశంతో ఉంది కాబట్టి అటు తిరిగింది! కానీ ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు క్లోరిన్ 349 కిలోజౌళ్లు విడుదల చేస్తే, ఇది 73 దగ్గరే ఆగిపోతుంది. ఆ ఇంటి బిడ్డా కాదు, ఈ ఇంటి బిడ్డా కాదు. అందుకే కొందరు పట్టిక పైన విడిగా వేస్తారు. నాకు అదే నచ్చుతుంది, పరీక్షలో మాత్రం మొదటి గ్రూపు అనే రాయి.

ఇక లోహమా అన్న మాట. నీకే వచ్చిన అనుమానం కాదిది. 1860లలో థామస్ గ్రాహం అనే శాస్త్రవేత్త, పల్లాడియం తన ఘనపరిమాణానికి దాదాపు 900 రెట్లు హైడ్రోజన్‌ను పీల్చుకోవడం చూశాడు. లోహంలో లోహం కలిసినట్టు కలుస్తోంది కాబట్టి ఇదీ లోహమేనని "హైడ్రోజీనియం" అని పేరు పెట్టి, ఆ మిశ్రమంతో పతకాలు కూడా ముద్రింపజేశాడు. 1898లో జేమ్స్ డ్యూవర్ హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చాడు. సున్నాకు 253 డిగ్రీల దిగువన వచ్చిన ఆ ద్రవంలో పాదరసపు మెరుపు లేదు. నీళ్లలా, రంగు లేకుండా, పారదర్శకంగా ఉంది. గ్రాహం ఆశ అక్కడితో చల్లారింది.

అయితే చలి చేయలేని పని ఒత్తిడి చేయగలదు. మామూలుగా హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువులు తమ రెండు ఎలక్ట్రాన్లను గుట్టుగా దాచుకుంటాయి. లోహంలో ఎలక్ట్రాన్లు ఉమ్మడి సొత్తు. అణువులను ఒకదానిమీద ఒకటి పడేలా నొక్కుతూ పోతే ఆ గుట్టు నిలవదని 1935లో విగ్నర్, హంటింగ్టన్ అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. 2.5 లక్షల వాతావరణ పీడనాలు చాలనుకున్నారు. ఎంత తక్కువ వేశారో! 2017లో హార్వర్డ్‌లో ఇద్దరు రెండు వజ్రపు మొనల మధ్య హైడ్రోజన్‌ను దాదాపు 49 లక్షల వాతావరణ పీడనాలతో నొక్కి, లోహపు మెరుపు చూశామన్నారు. అది భూకేంద్రంలో ఉన్న ఒత్తిడి కంటే ఎక్కువ. తర్వాత వజ్రం పగిలింది, నమూనా పోయింది, వాదన మిగిలింది. 2020లో ఫ్రాన్స్ బృందం దాదాపు 42 లక్షల దగ్గర, పరారుణ కాంతిని హైడ్రోజన్ ఒక్కసారిగా అడ్డుకోవడం చూసి, లోహంగా మారుతున్న గుర్తు ఇదేనని ప్రకటించింది. నా మొగ్గు వీళ్లవైపే, మెరుపు కంటికి కనబడిందన్న మాట కంటే కొలత నయం.

మనకు ఇంత కష్టమైన ఈ లోహం గురు గ్రహం లోపల సముద్రాలుగా ఉందని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ ద్రవలోహం సుడులు తిరగడం వల్లే గురుడికి అంత బలమైన అయస్కాంత క్షేత్రం. కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: మన గదిలో కాదు, గురుడి కడుపులో అవును.

వంటింటి తలుపు వెనక చార్టు చెద పట్టింది, కొత్తది కొన్నాను. హైడ్రోజన్ గడిని కత్తిరించి నీ అట్టపెట్టెలో వేశాను. దసరాకు వచ్చినప్పుడు ఎక్కడ అంటించాలో నువ్వే అంటించు. గోంగూర పచ్చడి సీసా మూత గట్టిగా బిగించాను, స్పూను తడిగా ఉంటే లోపల పెట్టకు.

ఇట్లు,
అమ్మ