కాగితాలు సరే, ట్యాంకరు సంగతి ఏమిటి?

గౌరవనీయులైన ట్యాంకర్ల రవాణా సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: సల్ఫ్యూరిక్ యాసిడ్ ట్యాంకరుకు తప్పుడు హెచ్చరిక పలకలు, ట్యాంకు కడిగినట్టు ఆధారం లేకపోవడం, ఆపై మాకు పంపిన హాల్టింగ్ బిల్లు (బండి నిలిచిపోయినందుకు అడిగే కిరాయి) గురించి.

అయ్యా,

తాడేపల్లిగూడెం దగ్గర పటిక తయారు చేసే చిన్న ఫ్యాక్టరీ మాది. మునిసిపాలిటీల మంచినీటి పథకాలకు సరఫరా చేస్తాం. సల్ఫ్యూరిక్ యాసిడ్ లేనిదే పటిక లేదు కాబట్టి యాసిడ్ ట్యాంకర్లు మా గేటుకు కొత్త కాదు, మీ ట్యాంకర్లు అసలే కొత్త కాదు. గత నెల విశాఖపట్నం నుంచి మీరు పంపిన లోడు విషయంలో జరిగినది మీ ఆఫీసులో ఫోనెత్తినవారికి చెప్పాం. వారికి అది చిన్న విషయంగా తోచింది. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

ట్యాంకరు గేటు దగ్గరికి వచ్చేసరికి రెండు పక్కలా, వెనకా ఉన్న పలకల మీద యూఎన్ నంబరు (ప్రమాదకర సరుకును గుర్తుపట్టడానికి వాడే అంతర్జాతీయ నంబరు) 1824 అని ఉంది. అది కాస్టిక్ సోడా లై, అంటే నీళ్లలో కరిగించిన కాస్టిక్ సోడా నంబరు. ఇన్‌వాయిస్‌లో ఉన్నది 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్, దాని నంబరు 1830. రెండూ 8వ తరగతి (తాకినదాన్ని తినేసే) పదార్థాలే కనుక చేతి మీద, లోహం మీద ద్రవం పడుతున్నట్టు ఉండే బొమ్మ రెండింటికీ ఒకటే. దూరం నుంచి చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మా సెక్యూరిటీ కుర్రవాడు నంబరు కూడా చూసే రకం కావడం వల్ల బండి గేటు దగ్గరే ఆగింది.

ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం. పలక మీద ఉండే అత్యవసర కోడ్ కూడా వేరు: లైకి 2ఆర్, ఈ యాసిడ్‌కు 2పీ. పదార్థం ఉధృతంగా ప్రతిచర్య జరపవచ్చన్న హెచ్చరిక ‘పీ’లో ఉంది, ‘ఆర్’లో లేదు. ఈ బండి రావులపాలెం దగ్గర గౌతమి వంతెన, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన దాటి, తణుకు మీదుగా వచ్చింది. దారిలో ఎక్కడైనా బోల్తా పడి ఉంటే మొదట చేరుకునేది అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు. వాళ్లకు మీ ఇన్‌వాయిస్ కనిపించదు, పలక కనిపిస్తుంది. యాసిడ్ కారితే పొడి ఇసుకతో కట్ట వేసి, సున్నం తెప్పించుకోవాలి. కారుతున్నది క్షారమని నమ్మినవాడు సున్నం జోలికి పోడు. గాఢ యాసిడ్ మీద నీళ్లు పడితే ఎంత వేడి పుడుతుందో, ఎలా చిమ్ముతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

పలక మీద అత్యవసర ఫోను నంబరు కూడా ఉంది. సందేహం తీర్చుకుందామని చేశాం. టైర్ల దుకాణంవారు ఎత్తారు. చాలా మర్యాదగా మాట్లాడారు, కానీ సల్ఫ్యూరిక్ యాసిడ్ గురించి వారి దగ్గర సమాచారమేమీ లేదు.

దీనిపై మీ ఆఫీసు ఇచ్చిన సమాధానం: “బోర్డు మార్చడం మరిచిపోయి ఉంటారు, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా.”

బోర్డు మార్చడం మరిచిపోయారంటే అంతకు ముందు ఆ ట్యాంకులో లై వచ్చిందనే అర్థం. మాకు భయం పట్టుకున్నది అక్కడే. లై దించాక ట్యాంకు కడిగారా? ఎక్కడ కడిగారు? అడుగున లై మిగిలి ఉండగా దాని మీద 98 శాతం యాసిడ్ పోస్తే లోడింగ్ దగ్గరే ప్రాణాల మీదికి వచ్చేది. సరే, కడిగారనుకుందాం. ఆరబెట్టారా? గాఢ యాసిడ్‌ను మామూలు ఉక్కు ట్యాంకులో తేగలుగుతున్నామంటే లోపలి గోడకు ఐరన్ సల్ఫేట్ పొర పట్టి ఉక్కును కాపాడుతుంది కాబట్టే. అడుగున నీళ్లు మిగిలితే అక్కడ యాసిడ్ పలచబడి ఉక్కును తినడం మొదలుపెడుతుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న ట్యాంకు పైభాగంలో హైడ్రోజన్ చేరాక ఎవరో ఒకరు టార్చి కోసమో బీడీ కోసమో జేబు తడుముకుంటూ ట్యాంకు పైనున్న మూత (మ్యాన్‌హోల్) తెరిస్తే చాలు. కడిగినట్టు, ఆరబెట్టినట్టు ఒక్క చీటీ అయినా చూపమని డ్రైవరును అడిగాం. అలాంటి చీటీ ఒకటి ఉంటుందనే ఆయనకు తెలియదు.

డ్రైవరును నేను తప్పు పట్టడం లేదు. మేము ఆగమన్న చోట ఆగాడు, అడిగినవన్నీ తీసి చూపించాడు. క్యాబిన్‌లో ఉన్న ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే కార్డు) యాసిడ్‌దే, కానీ ఇంగ్లీషులో మాత్రమే ఉంది. ఆయన చదవగలిగేది ఒడియా, కొంత హిందీ. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 9వ నిబంధన ప్రకారం ప్రమాదకర సరుకు నడిపే డ్రైవరుకు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి. మూడు రోజుల శిక్షణ పూర్తిచేసిన సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ చూపించాడు. శిక్షణలో ఏం చెప్పారని అడిగితే ఫొటో తీశారని చెప్పాడు. ప్రమాదకర సరుకు నడిపే లైసెన్సుల గడువును 2019 సవరణతో ఏడాది నుంచి మూడేళ్లకు పెంచారు. అంటే అంత కాలం పాటు ఆయనకు ఎవరైనా ఏమైనా నేర్పాలంటే అది మీరే. 135వ నిబంధన చెప్పేదీ అదే. 132వ నిబంధన ప్రకారం బండి సురక్షితంగా ఉందని, ప్రథమ చికిత్స, రక్షణ సామగ్రి ఉన్నాయని చూసుకోవలసింది యజమాని. మీ బండిలో ఒకే ఒక్క రబ్బరు గ్లవ్ ఉంది, అదీ ఎడమచేతిది. కళ్లద్దాలు లేవు.

ఇక కాగితాల సంగతి. రిజిస్ట్రేషన్, పర్మిట్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అన్నీ చూశాం, గడువులు ఉన్నాయి. కానీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దేనికి భరోసా ఇస్తుంది? బ్రేకులు, లైట్లు, టైర్లు, స్టీరింగు చూసి ఇస్తారు. ఎనిమిదేళ్లలోపు బండికి రెండేళ్లకొకసారి, తరువాత ఏటా. ట్యాంకు లోపల నిన్న ఏముందో, వాల్వు గాస్కెట్ ఏ స్థితిలో ఉందో ఆ తనిఖీలో బయటపడదు. ఎల్పీజీ ట్యాంకరైతే నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) లైసెన్సు కావాలి, ఐదేళ్లలోపు మళ్లీ హైడ్రో పరీక్ష (నీటి పీడనంతో ట్యాంకు బలం చూడడం), ఏటా సేఫ్టీ వాల్వుల పరీక్ష చేయించాలి. పెట్రోలు ట్యాంకరుకు పెట్రోలియం రూల్స్ కింద వేరే లైసెన్సు ఉంది. పీడనం లేని యాసిడ్ ట్యాంకరు ఈ రెండింటి కిందికీ రాదు. మోటారు వాహనాల నిబంధనలు దాటితే దాని లోపలికి తొంగి చూసే ప్రభుత్వ అధికారి మాకు తెలిసి లేడు. కనుక బయలుదేరే ముందు మీ యార్డులో మీ మనిషి చేసే తనిఖీయే మొదటిదీ చివరిదీ. ఆ తనిఖీ జరగనప్పుడు “కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి” అన్న మాటకు విలువ లేదు.

లోడు చేసిన ఫ్యాక్టరీవారి తప్పు లేదని కాదు. తప్పు పలక ఉన్న బండికి సరుకు ఎక్కించినందుకు వారికి వేరే ఉత్తరం రాశాం.

ఆ సాయంత్రం బండిని వెనక్కి పంపేస్తే మా తలనొప్పి తీరిపోయేది. తప్పు పలకలతో మళ్లీ రోడ్డెక్కించడం ఇష్టం లేక, మా యాసిడ్ ట్యాంకుల గట్టు పక్కనే నిలిపాం. మరునాడు మీ మనిషి సరైన పలకలు తెచ్చి అతికించాక, నమూనా తీసి సాంద్రత, ఇనుము శాతం చూసుకుని సరుకు దించుకున్నాం. డ్రైవరుకు, క్లీనరుకు భోజనం, పడక మా క్యాంటీన్‌లోనే. దానికి ప్రతిగా మీ అకౌంట్స్ విభాగం మాకు హాల్టింగ్ బిల్లు పంపింది. కారణం అనే గడిలో “పార్టీ అన్‌లోడింగ్ ఆలస్యం” అని ఉంది.

ఆ బిల్లు మేము కట్టం. దాన్ని రద్దు చేస్తూ క్రెడిట్ నోట్ పంపండి. మాకు వచ్చిన ట్యాంకరులో అంతకు ముందు మోసిన సరుకు ఏమిటో, ఎక్కడ కడిగారో, ఎవరు పరిశీలించారో రాతపూర్వకంగా తెలియజేయండి. ఇకపై మా గేటుకు వచ్చే ప్రతి యాసిడ్ ట్యాంకరుతో వాష్ సర్టిఫికెట్, యార్డులో తనిఖీ చేసినవారి సంతకం ఉన్న చీటీ, డ్రైవరు చదవగలిగే భాషలో కూడా ట్రెమ్ కార్డు ఉండాలి. పలక మీది ఫోను నంబరుకు రాత్రి రెండు గంటలకు చేసినా సరుకు గురించి తెలిసినవారు పలకాలి. మేమూ చేసి చూస్తాం. అన్నిటికన్నా ముఖ్యం, లై మోసే ట్యాంకర్లను, యాసిడ్ మోసే ట్యాంకర్లను విడదీయండి. ఖాళీగా తిరిగిరాకుండా రెండువైపులా కిరాయి దొరుకుతుందన్న లెక్క మాకూ అర్థమవుతుంది, కానీ ఆ లాభం కోసం మా మనుషులను మ్యాన్‌హోల్ దగ్గర నిలబెట్టలేం.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా సమాధానం రాకపోతే ఫొటోలతో సహా రవాణా శాఖకు ఫిర్యాదు చేస్తాం. మోటారు వాహనాల చట్టం 190(3) సెక్షన్ కింద ప్రమాదకర సరుకు విషయంలో ఉల్లంఘనకు ఏడాది వరకు జైలు కూడా పడవచ్చని మీ న్యాయవాది చెబుతారు. సమాధానం వచ్చేదాకా మీ ట్యాంకర్లకు మా దగ్గర అన్‌లోడింగ్ ఉండదు. ఈ వారం రావలసిన లోడును వేరే రవాణాదారుకు అప్పగించమని సరఫరాదారుకు ఇప్పటికే చెప్పాం.

ఇట్లు,
ఫ్యాక్టరీ మేనేజరు

జతపరచినవి: మూడు పలకల ఫొటోలు, ఇన్‌వాయిస్ నకలు, గేటు రిజిస్టరు పేజీ నకలు, మీ హాల్టింగ్ బిల్లు (తిప్పి పంపుతున్నాం).