పలకని పిల్లల గురించి వసుధకు

చిరంజీవి వసుధకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలు మునుపటికంటే నయం. మేడమెట్లు ఎక్కవద్దని డాక్టరు చెప్పినా వినడం లేదు, నువ్వు చెబితే వింటుంది. శేఖర్ పరీక్షలు ముగిశాయి, బాగానే రాశానంటున్నాడు. తాతయ్య పెట్టె మొన్న తెరిస్తే నీ రెండో తరగతి ఇంగ్లీషు కాపీపుస్తకం అందులో దొరికింది. దాన్ని నా బల్ల మీద పెట్టుకున్నాను.

ఈ ఉత్తరానికి ప్రత్యేకమైన కారణమంటూ లేదు. ఫోనులో నీకు తీరిక ఉండదు. "బాగున్నాను నాన్నా, తర్వాత చేస్తాను" అంటావు, ఆ తర్వాత చెయ్యవు. ఈ మధ్య ఆ మాట కూడా వినబడటం లేదు. నేను పంపే ప్రతిదానికీ ఒక బొటనవేలి బొమ్మ వస్తోంది. చూశావని తెలుస్తోంది గాని, ఎలా ఉన్నావో తెలియడం లేదు.

జూన్, జూలైల్లో జపాన్‌లో, మీ నగోయాలో ఒకటే వానలని పోయినేడు చెప్పావు. తడిసిన బట్టలతో తరగతిలో నిలబడకు. నాలుగేళ్ల పిల్లలున్న గదిలో ఒకరికి జలుబు చేస్తే అందరికీ చేస్తుంది, టీచరుకు ముందు చేస్తుంది. గొంతు జాగ్రత్త. పిల్లల్ని మళ్లించడానికి గొంతు పెంచకు. చప్పట్లు కొట్టు, లేదంటే బాగా గొంతు తగ్గించి మాట్లాడు. ఏం చెబుతున్నావో వినాలని వాళ్లే దగ్గరికి జరుగుతారు. ఉద్యోగమంతా నా గొంతును కాపాడింది ఆ ఉపాయమే.

శ్యామలత్త పోయిన ఆదివారం వచ్చింది. మాటల్లో నీ ప్రస్తావన వచ్చింది. ఒసాకా నుంచి రవి ఏదో చెప్పాడట. తల్లిదండ్రులు వచ్చి తరగతి చూసే రోజున మీ యోచియెన్‌లో, అదే మీ కిండర్‌గార్టెన్‌లో, పిల్లలు ఒక్క ఇంగ్లీషు మాటా పలకలేదనీ, ఒక తల్లి "ఏప్రిల్ నుంచి ఏం నేర్పినట్టు" అని అడిగిందనీ, ఇంకెవరో "ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న టీచరు దొరకరా" అన్నారనీ, నువ్వు పని మానేద్దామనుకుంటున్నావనీ. శ్యామలత్త చేతికి వచ్చిన మాట గుమ్మం దాటేలోగా రెండింతలవుతుందని నీకూ తెలుసు. అందుకే నేను పట్టించుకోలేదు. నిజమా అని నిన్ను అడగడమూ లేదు. ఆ సంగతి వదిలేద్దాం.

నేను ఖాళీగా కూర్చోవడం లేదు. శేఖర్ చేత కంప్యూటర్‌లో వెతికించి మీ పని గురించి చదువుతున్నాను. విదేశీ యువతను బడుల్లో సహాయక టీచర్లుగా పిలిపించే జెట్ కార్యక్రమం అక్కడ 1987లో మొదలైందట. 2011లో అయిదు, ఆరు తరగతులకు ఆటపాటల ఇంగ్లీషును తప్పనిసరి చేశారు. 2020లో అది ఆ రెండు తరగతులకూ ఏడాదికి 70 పీరియడ్ల పూర్తి సబ్జెక్టయింది, ఆటపాటల ఇంగ్లీషు మూడో తరగతికి దిగింది. కిండర్‌గార్టెన్‌లో మాత్రం ప్రభుత్వం దాన్ని ఎవరి నెత్తినా పెట్టలేదు. తల్లిదండ్రులే ముందున్నది చూసి కంగారుపడి మీలాంటి చోట్ల చేర్పిస్తున్నారు. వాళ్ల కంగారును తప్పుపట్టకు. నిన్ను ఇంగ్లీషులో చేర్చిననాడు మీ అమ్మ పడిన కంగారు నేను కళ్లారా చూశాను. అయితే కంగారులో ఉన్నవాళ్లు మొదట వెతికేది మాటనే. పిల్లవాడు చెవితో ఎంత పట్టుకున్నాడో వాళ్లకు కనబడదు. కనబడేలా చేయవలసింది టీచరే.

సోమ్లా గురించి నీకు ఎప్పుడైనా చెప్పానా? మీ అమ్మకు తెలుసు. నువ్వు పుట్టకముందు తండా బడిలో చేసినప్పటి మాట. ఒకే గది, ఒకే పంతులు, ఒకటో తరగతి నుంచి అయిదు దాకా నేనే. పిల్లలందరి ఇళ్లలోనూ లంబాడీ భాష. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పాఠాలు వచ్చాయి, బంజారాల భాష వాటిలో ఒకటి. అదంతా చాలా తర్వాత. నేను వెళ్లిన నాటికి తెలుగు తప్ప వేరే పుస్తకం లేదు. ఆ పిల్లలకు తెలుగు అంటే ఇప్పుడు నీ పిల్లలకు ఇంగ్లీషు ఎంతో అంతే.

సోమ్లా ఒకటో తరగతి. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పలక ఒళ్లో పెట్టుకుని, బలపం కొసను చొక్కా అంచుతో తుడుస్తూ నా నోటి వైపు చూసేవాడు. నా కళ్లలోకి కాదు, నోటి వైపు. పిలిస్తే లేచేవాడు, పలికేవాడు కాదు. తోటి పిల్లలతో వాళ్ల భాషలో గలగలా మాట్లాడేవాడు కాబట్టి నోట్లో లోపం లేదని నాకు తెలుసు. దసరా అయింది, సంక్రాంతి అయింది. తనిఖీకి వచ్చిన అధికారి వాణ్ణి లేపి "నీ పేరేమిటి" అని అడిగాడు. వాడు ఆయన నోటి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన మళ్లీ అడిగాడు. పక్కపిల్ల వాడి పేరు చెప్పబోతే వద్దన్నాడు. వీడికి చదువు రాదు, వీడితో కాలం వృథా చేసుకోవద్దని నాతో వాడి ముందే అని వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు నేను కావాలనే ఒక పని చేశాను. నోటితో జవాబు చెప్పవలసిన ప్రశ్నలన్నీ ఆపేశాను. "సోమ్లా, కిటికీ మూసెయ్యి" అన్నాను. మూశాడు. "నల్లబల్ల వెనకాల పాత గంట ఉంది, తీసుకొచ్చి కుర్చీ కింద పెట్టు" అన్నాను. నేను చేయి చూపలేదు, కళ్లతోనైనా సైగ చేయలేదు. వాడు లేచి వెళ్లాడు, గంట చప్పుడు కాకుండా దాని నాలుకను వేలితో పట్టుకుని తీసుకొచ్చాడు, కుర్చీ పైన కాదు, కింద పెట్టాడు. ఆ ఏడాదంతా వాడికి పాఠం ఎక్కుతూనే ఉందని నాకు అప్పుడు రుజువు దొరికింది. ఆ రోజు నుంచి వాడికి పనులు చెప్పడమే నా పాఠం. ఒక్కో పనిలో ఒక్కో కొత్త మాట కలిపేవాణ్ణి.

నా దగ్గర పిల్లీ ఎలుకలూ ఉన్న బొమ్మల కథ ఒకటి ఉండేది. దాన్నే తిప్పి తిప్పి చదివేవాణ్ణి, పిల్లలకు విసుగనేది లేదు. వానలకు గోడ చెమ్మగిల్లి ఆ పుస్తకంలో రెండు పేజీలు అంటుకుపోయాయి. నేను చూసుకోకుండా ముందుకు వెళ్లి ఎలుకలు పారిపోయాయని చదివాను. గుమ్మం పక్క నుంచి "పిల్లి ఇంకా రాలేదు సార్" అని వినబడింది. నాలుగు మాటల పూర్తి వాక్యం. ఒక్కో మాటా కూడబలుక్కుని రాలేదు, ఒకేసారి వచ్చింది. నేను గొప్పగా మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే అందరూ వాడి వైపు తిరుగుతారు, వాడు మళ్లీ ముడుచుకుంటాడు. "అవును, రాలేదు కదా" అని పేజీలు విడదీసి మళ్లీ చదివాను. ఆ వారం వాడు నా వెనకాలే తిరుగుతూ అడగని సంగతులన్నీ చెప్పాడు.

స్టీఫెన్ క్రాషెన్ అనే భాషా పండితుడు 1980లలో దీని గురించే రాశాడట. కొత్త భాషలో పడిన పిల్లలు కొంతకాలం వింటారేగాని పలకరు, దాన్ని మౌన దశ అంటారు. కొందరికి వారాలు, కొందరికి నెలలు. పేరు తెలియకుండానే నేను దాన్ని చూశాను. నీ పిల్లలు ఏప్రిల్‌లో చేరారు, ఇప్పుడు జూలై. అదీ వారంలో కొద్ది గంటలే. ఈ లెక్క ఆ తల్లికి చెప్పావా? శ్యామలత్త చెప్పింది నిజమైతేనే అనుకో.

పనులు చేయిస్తూ భాష నేర్పే పద్ధతిని 1960లలో జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షించాడట. ఆయన అమెరికా విద్యార్థుల మీద ప్రయత్నించిన భాషల్లో జపానీస్ కూడా ఉంది. ఈ ముక్క మీ ప్రిన్సిపాల్‌కు చెప్పు, సంతోషిస్తారు. మళ్లీ తల్లిదండ్రులు చూడటానికి వచ్చిన రోజున పిల్లల చేత ఏమీ వల్లె వేయించకు. "ఎర్ర బంతి తీసుకుని తలుపు దగ్గర పెట్టు" అని ఇంగ్లీషులో చెప్పు, జపానీస్ ఒక్క ముక్కా వాడకు. పిల్లవాడు లేచి వెళ్లి పెట్టడం ఆ తల్లి కళ్లతో చూడనీ.

చెప్పుకుంటూ పోతే ఇంకా ఉన్నాయి. అక్షరాలకు తొందరపడకు. 26 అక్షరాలు ఉన్నాయి గాని ఆ భాషలో ధ్వనులు సుమారు 44. అక్షరాల పేర్లు పాటగా పాడటం వచ్చిన పిల్లవాడికి చదవడం వచ్చినట్టు కాదు. చెవి నిండాక కన్ను. జపానీస్‌లో జవాబిచ్చిన పిల్లను ఆపకు. అర్థమైంది కాబట్టే జవాబిచ్చింది. అదే జవాబును నువ్వు ఇంగ్లీషులో తిరిగి అను, ఆమె చేత అనిపించకు. తప్పు పలికితే తప్పని చెప్పకు, సరైన రూపం నీ మాటలో కలిపి వినిపించు. ఒకే కథను నెలంతా చదువు, నీకు విసుగైనా సరే. బిడ్డ ఇంటికి రాగానే "ఈరోజు ఏం నేర్చుకున్నావు, చెప్పు" అని నిలదీయవద్దని తల్లులకు చెప్పు, మర్యాదగా చెప్పు. ఇవన్నీ నీకు తెలిసినవే, శిక్షణలో చెప్పే ఉంటారు. నాకు చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

ఇక ఆ మాతృభాష మాట. అది మాత్రం నాకు గుచ్చుకుంది. ప్రపంచంలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది దాన్ని తర్వాత నేర్చుకున్నవాళ్లే. నువ్వు నేర్చుకున్నదానివి కాబట్టే మరొకరు ఎక్కడ తడబడతారో నీకు తెలుసు. మాటను హల్లుతో ఆపడం మన పల్లె పిల్లలకూ కష్టమే, నీ పిల్లలకూ కష్టమే. సియాటిల్‌లో పాట్రీషియా క్యూల్ అనే శాస్త్రవేత్త బృందం 2006లో ప్రచురించిన పరిశోధన చదివాను. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో జపాన్ పసివాళ్లూ అమెరికా పసివాళ్లూ ఇంగ్లీషులోని ర, ల ధ్వనుల తేడాను ఇంచుమించు ఒకేలా గుర్తిస్తారట. పది, పన్నెండు నెలలకే అమెరికా పిల్లల్లో అది పెరుగుతుంది, జపాన్ పిల్లల్లో తగ్గుతుంది. కాబట్టి నాలుగేళ్ల పిల్ల ఆ రెండింటినీ కలిపేస్తే అది ఆమె అశ్రద్ధా కాదు, నీ లోపమూ కాదు. ఓపికగా వినిపించాలి, నీ పెదవులు ఆమెకు కనబడాలి. మాస్కు పెట్టుకుని పాఠం చెప్పడం లేదు కదా?

2003లో అదే బృందం ఇంకొకటి తేల్చింది. తొమ్మిది నెలల అమెరికా పసివాళ్లకు ఎదురుగా మనిషి కూర్చుని చైనా మాండరిన్ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుకున్నారు. అలాంటి మాటలే టీవీలో చూపిస్తే పట్టుకోలేదు. మీవాళ్లు టీచరు బదులు వీడియో పాఠాలు పెట్టే ఆలోచనలో ఉన్నారని కూడా రవి అన్నాడట. నిజమైతే ఈ సంగతి వాళ్ల ముందు పెట్టు. నేల మీద పిల్లల ఎత్తున కూర్చుని, వాళ్ల ముఖం చూస్తూ మాట్లాడే మనిషి వాళ్లకు కావాలి. ఆ పని నీకు చేతనవును. శేఖర్‌కు చదువు చెప్పింది నువ్వే, నేను కాదు.

మానేయాలని నిజంగా నీకే ఉంటే మానెయ్యి. నేను అడ్డుచెప్పను. కానీ ఒక్క మధ్యాహ్నం నలుగురు అన్న మాటలకు మానేయడం నాకు ఇష్టం లేదు. ఎలాగూ వేసవి సెలవులు వస్తున్నాయి. సెలవుల తర్వాత పిల్లలు తిరిగి వచ్చినప్పుడు చూడు, కొందరు ఉన్నట్టుండి మాట్లాడతారు. అప్పుడు నిర్ణయించుకో. ఈలోగా ఏ బిడ్డ ఏ మాటకు సరిగ్గా స్పందించిందో రోజూ ఒక పుస్తకంలో రెండు ముక్కలు రాసిపెట్టు. ఎవరైనా అడిగితే నీ దగ్గర చూపడానికి ఉంటుంది.

ఒకవేళ మానితే, ఉద్యోగం మానిన 14 రోజుల్లోగా ఇమ్మిగ్రేషన్ కార్యాలయానికి తెలియజేయాలి. సరైన కారణం లేకుండా 3 నెలలు పని లేకుండా ఉంటే నివాస అనుమతి రద్దు చేసే వీలుంది. ఈ రెండూ శేఖర్ చేత రెండుసార్లు చదివించుకున్నాను. కాగితాలన్నీ ఒకచోట పెట్టుకో.

ఆదివారం ఫోను చెయ్యి. మీ రాత్రి తొమ్మిది మాకు సాయంత్రం అయిదున్నర, ఇద్దరం ఇంట్లోనే ఉంటాం. నీకు చెప్పాలనిపించకపోతే ఆ విషయం నేను ఎత్తను, పిల్లల గురించి మాట్లాడు. రవిని ఏమీ అనవద్దు, వాడు నీ మంచికే చెప్పాడు.

ఆశీస్సులతో,
నాన్న

తా.క. కళ్లు పరీక్ష చేయించుకున్నావో లేదో అడగమంటోంది మీ అమ్మ. అద్దాలు మార్చి చాలా కాలమైందట. తలనొప్పి అని మళ్లీ అన్నావని కూడా రవే చెప్పాడు.