డోలీ ఫోటో రోడ్డు దగ్గరే ఆగిపోతోంది

సంపాదకుడు గారికి,

మొన్న మీ జిల్లా పేజీలో, రోగిని కర్రకు కట్టిన దుప్పట్లో మోసుకొస్తున్న ఫోటో 'తప్పని డోలీ మోత' అని వేశారు. పోయిన వానాకాలంలోనూ వేశారు, అంతకు ముందూ వేశారు, హెడ్డింగ్ కూడా ఇంచుమించు అదే. తప్పు పట్టడానికి రాయడం లేదు. పేపర్లో పడితే తప్ప కదలని ఫైళ్ళు ఉంటాయని ఏజెన్సీలో ఇరవై ఏళ్ళకు పైగా ఆశ్రమ పాఠశాల మాస్టారుగా పనిచేసిన నాకు బాగా తెలుసు. నా బాధ వేరే. మీ ఫోటో ఎప్పుడూ తారు రోడ్డు వచ్చేదాకానే నడుస్తుంది, అంబులెన్స్ తలుపు పడగానే కథ సుఖాంతం అనుకుని మనమంతా పేజీ తిప్పేస్తాం. అసలు అవస్థ అక్కణ్ణించే మొదలు.

నేను చూసిన ఒక్క సంగతి చెబుతాను. ఏడెనిమిదేళ్ళ కిందట మా స్కూల్లో తొమ్మిదో తరగతి చదివే ఒక కోదు తెగ అమ్మాయికి చలికాలం వచ్చిందంటే కాళ్ళు, నడుము నొప్పులు. పాడేరు వైపు డిసెంబర్ చలి తెలిసినవాళ్ళకి తెలుసు, పొద్దున్నే మంచులో ప్రేయర్‌కి నిలబడటం మామూలు పిల్లలకే కష్టం. ఈ పిల్ల వెనక వరసలో కూర్చుండిపోయేది, నేను దొంగ వేషాలని తిట్టేవాణ్ణి. అవును, నేనే. దగ్గర్లో చూపిస్తే నొప్పి మాత్ర ఇచ్చి పంపేవారు. ఒక రాత్రి పిల్ల అరుపులకి హాస్టల్ మొత్తం లేచింది. మర్నాడు వాళ్ళమ్మని పిలిపించి, ఘాట్ దిగి మైదానంలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తపరీక్ష చేస్తే సికిల్ సెల్, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు.

డాక్టర్ మంచివాడే, విసుక్కోలేదు. కానీ ఆ తల్లికి వాళ్ళ కోదుల మాట కువి తప్ప ఇంకో భాష రాదు. ఎన్నాళ్ళ నుంచి అంటే తలూపింది, జ్వరం ఉందా అంటే తలూపింది, జ్వరం లేదా అన్నా తలూపింది. నాకు సంతలో బేరం ఆడేంత కువి వచ్చు గానీ రక్తం గురించి చెప్పేంత రాదు. చివరికి సెలైన్ ఎక్కుతున్న ఆ పిల్లే, నొప్పికి పళ్ళు బిగబట్టి, డాక్టర్ తెలుగు వాళ్ళమ్మకీ, వాళ్ళమ్మ కువి డాక్టర్‌కీ చెప్పింది. ఇంట్లో ఇంకెవరైనా పిల్లలు చనిపోయారా అని ఆయన అడిగాడు, అడగాల్సిన ప్రశ్నే. పిల్ల అది వాళ్ళమ్మని అడిగింది. వాళ్ళమ్మ రెండు వేళ్ళు చూపించింది. తర్వాత ఆ తల్లి, నాకూ వాళ్ళ నాన్నకూ లేని జబ్బు దీనికెలా వచ్చింది అంది. ఆ జబ్బు జన్యువు తల్లిలోనూ తండ్రిలోనూ ఒక్కొక్కటే ఉంటే వాళ్ళకి పైకేమీ తెలియదు, కానీ పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు ఉంటుంది. డాక్టర్ అదే చెప్పాడు. పద్నాలుగేళ్ళ పిల్ల, నీ నుంచీ నాన్న నుంచీ వచ్చిందటమ్మా అని తల్లికి తనే చెప్పుకోవాలి. ఏం చెప్పిందో నాకు తెలియదు, చాలా పొట్టిగా చెప్పింది.

నాలుగో రోజు సాయంత్రం డిశ్చార్జ్ అన్నారు. ఘాట్ ఎక్కే ఆఖరి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. తీసుకురావడానికైతే 108 ఉంది, తిరిగి దింపేవాడెవడు? బస్టాండ్‌లో పడుకున్నాం. కాగితాలు వర్షానికి తడవకుండా తల్లి పాలిథిన్ కవర్లో చుట్టి, ఆ కవర్ని మళ్ళీ చీర కొంగులో ముడేసుకుంది. రాసిచ్చింది హైడ్రాక్సీయూరియా, రోజూ వేసుకోవాలి, మధ్యమధ్య రక్తపరీక్ష చేయించుకోవాలి. నెల మాత్రలు అయిపోయాక మళ్ళీ రావాలంటే రెండు రోజుల కూలి, ఒక సంత పోతాయి. అడ్డాకులో పసుపో అమ్ముకునే రోజు అది. రెండో నెలకే ఆపేశారంటే వాళ్ళకి అవగాహన లేదని మీటింగుల్లో చెబుతారు కదా, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ కొంగు ముడి గుర్తొస్తుంది.

మన దేశంలో సికిల్ సెల్‌ని నీలగిరి ఆదివాసుల్లో గుర్తించింది 1952లో. జాతీయ మిషన్ మొదలైంది 2023 జులై 1న, 2047 నాటికి నిర్మూలన లక్ష్యమట. మధ్యలో 71 ఏళ్ళు. ఇప్పుడు పరీక్షలు జోరుగా చేస్తున్నారు, మంచిదే. పరీక్ష చేసి కార్డిస్తే సరిపోదు, ఆ మాత్రలు ఊరికొచ్చే ఏఎన్ఎం సంచిలో ఉండాలి.

ఆసుపత్రుల లెక్క కూడా చూడండి. మైదానంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటర్, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ అయితే కొండ ప్రాంతాల్లో 3,000కీ 20,000కీ ఒకటి. రాయితీ ఇచ్చినట్టే ఉంటుంది, కానీ లెక్కపెట్టింది తలల్ని, దూరాన్ని కాదు. మా వైపు మూడు వేల మంది ఒక్కచోట ఎక్కడున్నారు? ఇరవై ఇళ్ళు ఈ కొండ మీద, పదిహేను ఇళ్ళు గెడ్డ అవతల. 2017లో వై.రామవరం మండలం చాపరాయిలో 16 మంది వరసగా చనిపోతే బయటికి తెలియడానికే వారాలు పట్టింది. అన్నాళ్ళూ అక్కడ డోలీ ఫోటో కూడా లేదు.

సాలూరు లాంటి చోట్ల నెలలు నిండిన గర్భిణుల్ని ముందే తెచ్చి ఉంచే వసతి గృహాలు పెట్టారు. మంచి ఆలోచన అని నేనే చాలామందికి చెప్పాను. ఇంటి దగ్గర పాలు మరవని పిల్ల, పొలంలో కోతకొచ్చిన చోళ్ళు పెట్టుకుని ఆ మనిషి మూడు వారాలు అక్కడ ఎలా ఉంటుందో మాత్రం నాకూ తోచలేదు.

పాడేరులో మెడికల్ కాలేజీ వచ్చింది, 2024లో సీట్లూ ఇచ్చారు. కనీసం అక్కడైనా కువి, ఆదివాసీ ఒడియా వచ్చినవాళ్ళని వార్డుల్లో జీతమిచ్చి పెట్టమని రాయండి. మనుషులు దొరకరని అంటారేమో, నేను పాఠం చెప్పిన పిల్లలే ఇంటర్లు, డిగ్రీలు పాసై కాఫీ తోటల్లో కూలికి పోతున్నారు.

మీ ఫోటోలో డోలీ కర్ర ముందు కొస భుజాన వేసుకున్న కుర్రాణ్ణి చూడండి, స్కూల్ ట్రాక్ ప్యాంటులో ఉన్నాడు. ఆ గుంపులో తెలుగు బాగా వచ్చింది బహుశా వాడికే. అంబులెన్స్‌లో తోడు ఒక్కరికే చోటంటారు, తల్లో మొగుడో ఎక్కుతారు, వాడు దుప్పటి మడతపెట్టి కర్ర భుజాన వేసుకుని కొండెక్కిపోతాడు. ఈసారి అలాంటి వార్త రాసేటప్పుడు మీ విలేకరిని కూడా ఆ బండిలో ఎక్కి వార్డు దాకా వెళ్ళి రమ్మనండి. అధికారులకు ఒక ముక్క రాస్తే, ఆ కుర్రాణ్ణి కూడా ఎక్కించుకుని తిరుగు చార్జీలు ఇమ్మని రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడు,
నర్సీపట్నం